భాషేముంది, సింటాక్సేగా!

"ఒక ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు, మిగతావన్నీ వచ్చినట్టే. భాషేముంది, సింటాక్సేగా!" మా వృత్తిలో ఈ మాట సామెతై కూర్చుంది. ఇంటర్వ్యూల్లో వింటాం, ట్రైనింగుల్లో వింటాం, తెలియని భాషలో ఉన్న ప్రాజెక్టులోకి తోసేముందు మేనేజర్ భుజం తట్టి మరీ చెప్తాడు. ఇదే మాట తెలుగు, బెంగాలీల గురించి ఎవరైనా అన్నారనుకోండి. లిపి వేరు, నాలుగు మాటలు వేరు, మిగతాదంతా ఒకటే అని. ఈ పత్రిక చదివేవాళ్లు ఊరుకుంటారా? అనువాదం మీద మనం ఇన్నేళ్లుగా పడుతున్న తగువులన్నీ గుర్తుచేసి దులిపేస్తారు. కోడ్ విషయానికొచ్చేసరికి మాత్రం తలూపేస్తాం.

నాకు తలూపాలని లేదు. ఒక భాష కోసం రాసిన పుస్తకంతో ఇంకో భాష నేర్చుకోవడం మంచి పద్ధతే, నన్నడిగితే అన్నిటికంటే మంచి పద్ధతి. కానీ ఆ సామెత చెప్పే కారణానికి కాదు. పుస్తకం కొత్త భాషలో ఒదగని చోట్లు ఉంటాయి చూడండి, అసలు చదువంతా అక్కడే ఉంది.

ఉదాహరణకి, ఏబెల్సన్, ఇద్దరు సస్‌మన్‌లు కలిసి రాసిన 'స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్'. 1985లో వచ్చింది, రెండో కూర్పు 1996లో. ఉదాహరణలన్నీ స్కీమ్ భాషలో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టుకుని, లెక్కలన్నీ పైథాన్‌లో చేస్తూ నేను పైథాన్ నేర్చుకున్నాను.

మొదటి అధ్యాయంలోనే ఫ్యాక్టోరియల్‌ని రెండు రకాలుగా రాస్తారు. రెండూ తమని తామే పిలుచుకునే ఫంక్షన్లు. మొదటిదానిలో ప్రతి పిలుపూ తన గుణకారాన్ని చేతిలో పట్టుకుని లోపలి జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ క్యూ పెరుగుతుంది. రెండోదానిలో అప్పటిదాకా తేలిన లబ్ధాన్ని తర్వాతి పిలుపు చేతిలో పెట్టేసి వెళ్లిపోవచ్చు, వెనక ఎవరూ ఆగక్కర్లేదు. కాబట్టి రాత రికర్షన్‌దైనా నడక లూప్‌ది అంటారు రచయితలు. స్కీమ్‌లో అది అక్షరాలా నిజం, ఆ భాష ప్రమాణంలోనే ఆ హామీ ఉంది. అదే ఫంక్షన్ని పైథాన్‌లో రాసి 5000 ఇచ్చి చూడండి. మామూలు సెట్టింగుల్లో వెయ్యి పిలుపులు దాటకుండానే రికర్షన్ ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది.

సామెత ప్రకారం ఇక్కడ 'సింటాక్స్' సరిగ్గానే మారింది. బ్రాకెట్లు పోయాయి, కోలన్లు వచ్చాయి. పుస్తకం చెప్పిన వాక్యం మాత్రం అబద్ధమైపోయింది. ఎందుకైంది అని వెతుక్కుంటూ వెళ్తే, పైథాన్ సృష్టికర్త గ్విడో వాన్ రాసమ్ ఈ సౌకర్యాన్ని తన భాషలో పెట్టనని 2009లో ఎందుకు తెగేసి చెప్పాడో తెలుస్తుంది. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు ఎవరు ఎవర్ని పిలిచారో చూపించే జాడ చెరిగిపోతుందని. అంటే ఇది మర్చిపోయి వదిలేసింది కాదు, ఒక అభిప్రాయం. తప్పు వెతుక్కునే మనిషి మీద ఒక భాషకి దయ, గణితం మీద ఇంకో భాషకి నిష్ఠ. పైథాన్ కోసమే రాసిన పుస్తకం చదివి ఉంటే ఈ సంగతి నా కంటపడే అవకాశం తక్కువ. అది హాయిగా ఒక ఫర్ లూప్ రాసి ముందుకెళ్లిపోతుంది.

మూడో అధ్యాయంలో ఇంకోటి. ఖాతాలో 100 ఉన్నాయి, 25 తీశాం, 75 మిగలాలి. బయటి ఫంక్షన్‌లో ఉన్న మిగులుని లోపలి ఫంక్షన్ మార్చాలి. స్కీమ్‌లో పేరు పెట్టడానికి 'డిఫైన్', పెట్టిన పేరుకి విలువ మార్చడానికి 'సెట్!'. ఆ ఆశ్చర్యార్థకం హెచ్చరిక బోర్డు లాంటిది. పైథాన్‌లో రెంటికీ ఒకటే సమానం గుర్తు. అందువల్ల లోపలి ఫంక్షన్‌లో మిగులుని మార్చబోతే, అది అక్కడే పుట్టిన కొత్త పేరనుకుని, ఇంకా విలువే లేదు పొమ్మంటుంది. 'నాన్‌లోకల్' అని ముందుగా చెప్పుకోవాలి. ఆ మాట కూడా 2008లో పైథాన్ 3 వచ్చేదాకా భాషలో లేదు. ఇంకా విశేషం, ఈ పుస్తకంలో విలువ మార్చడమనే పని రెండు అధ్యాయాలు గడిచాక గానీ రాదు. వచ్చాక కూడా దానివల్ల ఏం పోగొట్టుకుంటామో పేజీలకి పేజీలు చెప్తారు. పైథాన్ పాఠంలో అది మొదటి పేజీ. ఏది మొదట చెప్పాలి, ఏది ఆపి చెప్పాలి అన్నదీ భాషలో భాగమే.

సరే, సామెతని నమ్మితే నష్టమేంటి? నేను పనిచేసిన ఒక కంపెనీలో జావా టీమ్‌ని మొత్తంగా పైథాన్‌లోకి మార్చారు. రెండు రోజుల ట్రైనింగ్, రెండు కాలమ్‌ల పట్టిక: ఎడమ జావాలో ఇలా, కుడి పైథాన్‌లో ఇలా. ఆ తర్వాత రెండేళ్లపాటు మేం చదివిన కోడ్ పైథాన్ చొక్కా తొడుక్కున్న జావా. ప్రతి గడికీ ఒక గెట్టర్, ఒక సెట్టర్. ఒకే ఒక్క వస్తువు ఉండాలంటే దానికో సింగిల్టన్ క్లాసు; పైథాన్‌లో మాడ్యూల్ దానంతటదే ఒక్కసారి లోడై అందరికీ అదే అందుతుందని ఆ పట్టికలో లేదు. ఉండదు కూడా. ఎడమ కాలమ్‌లో ప్రశ్న లేకపోతే కుడి కాలమ్‌లో జవాబుకి చోటెక్కడిది?

1994లో వచ్చిన 'డిజైన్ పాటర్న్స్' పుస్తకంలో 23 పాటర్న్‌లు ఉన్నాయి, ఉదాహరణలు సీ ప్లస్‌ప్లస్, స్మాల్‌టాక్ భాషల్లో. రెండేళ్లకి పీటర్ నార్విగ్ వాటిలో 16, లిస్ప్, డైలన్ లాంటి భాషల్లో తేలికైపోతాయని, కొన్నయితే కనపడకుండానే పోతాయని చూపించాడు. సార్వజనీన సత్యాలనుకున్నవాటిలో చాలా భాగం ఒక భాషలోని లోటుకి వేసిన అతుకులన్నమాట. మన ఇంటర్వ్యూల్లో ఆ 23 ఇప్పటికీ ఎక్కాల్లా అప్పజెప్పించుకుంటున్నారు.

ఇక రెండో పక్షం, శుద్ధవాదులు. "ఇది పైథానిక్‌గా లేదు" అని కొట్టేసే సీనియర్లు. పరాయి భాష పుస్తకం ముట్టుకోవద్దు, యాస అంటుకుంటుంది అంటారు. మొట్టమొదటి భాష నేర్చుకునే పద్దెనిమిదేళ్ల పిల్లలకైతే నేనూ అదే చెప్తాను, ఆ భాష పుస్తకమే చదవమని. రెండో భాషకి మాత్రం ఒప్పుకోను. యాస తెలియాలంటే ముందు ఇంకో యాస చెవిన పడాలి కదా.

ఈ తగువు మనకి కొత్తది కాదు. చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) సంస్కృత వ్యాకరణం గీసిన చట్రంలో తెలుగుని చూసింది. ఆ చట్రంలో బలవంతంగా కూరినచోట ఏమైందో బడిలో విభక్తులు వల్లించిన అందరికీ తెలుసు. 'కత్తితో కోశాను', 'తమ్ముడితో వెళ్లాను', 'రాముడి చేత చంపబడ్డాడు' అన్నీ తృతీయే, ఎందుకంటే సంస్కృతంలో అదొక గడి. మా జావా పట్టిక లాంటిదే. కానీ చట్రం సరిపోని చోట మన వైయాకరణులు ఆగి చూశారు. కొన్ని మాటల చివర ఉండీ లేనట్టుండే నకారం, దాని తర్వాత కకారం గకారమైపోవడం, 'పూచెఁ గలువలు' అని మనం చదువుకున్నది. సంస్కృతంలో దీనికి గడి లేదు. అందుకని ద్రుతమనీ, ద్రుతప్రకృతికాలనీ, కళలనీ కొత్త గడులే కట్టారు. పేర్లు సంస్కృతం, సరుకు తెలుగు. అరువు చట్రం పనికొచ్చింది అది విరిగిన చోటే.

నా పుస్తకానికి 2022లో జావాస్క్రిప్ట్ కూర్పు వచ్చింది, మార్టిన్ హెన్జ్, టోబియాస్ రిగ్‌స్టాడ్ తయారుచేశారు. నిజాయితీగా చేసిన పని. స్కీమ్‌లో ప్రోగ్రామ్ రాత కూడా ఒక జాబితాయే కాబట్టి, నాలుగో అధ్యాయంలో భాష తనని తాను చదువుకోవడం సులువు. జావాస్క్రిప్ట్‌లో ఆ వీలు లేదు, రాతని జాబితాగా మార్చే 'పార్స్' ఫంక్షన్ ఒకటి ముందు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒదగని చోట వాళ్లు ఎంత కష్టపడ్డారో తెలుస్తుంది. నా ఫిర్యాదల్లా, ఆ కష్టం వాళ్లు పడిపోయారు, పాఠకుడికి మిగల్లేదు. ఇప్పుడు ఆ కూర్పు కూడా అక్కర్లేదు, స్కీమ్ కోడ్ చాట్‌బాట్‌కి ఇస్తే క్షణంలో ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఇస్తుంది. నడిచే కోడే ఇస్తుంది, కాదనను. రికర్షన్‌ని నోరెత్తకుండా లూప్‌గా మార్చేసి ఇస్తుంది కూడా. అక్కడ ఒక తగువు ఉందని మీకు తెలిసే అవకాశమే ఉండదు. సామెత ఇన్నాళ్లకి పనిముట్టుగా మారి చేతికొచ్చింది.

ఈమధ్య అదే పుస్తకంతో రస్ట్ మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో క్యూ దగ్గర ఉన్నాను. జాబితా మొదలుకి ఒక గుర్తు, చివరికి ఒక గుర్తు, అంతే. స్కీమ్‌లో ఇందులో చిక్కేం లేదు. రస్ట్ మాత్రం చివరి గడి దగ్గర పట్టుకుని కదలనివ్వడం లేదు: దాని ముందున్న గడి దీనికి యజమాని అంటున్నావు, చివరి గుర్తు చేతికీ దీన్ని మార్చే హక్కు ఇస్తానంటున్నావు, ఇద్దరిలో ఎవరిది? యాజమాన్యాన్ని పంచే ఏర్పాట్లు ఆ భాషలో ఉన్నాయి, వాడితే పది నిమిషాల్లో కంపైల్ అవుతుంది. ఇంకా వాడలేదు.