వెన్నుపూస నమూనా: అవసరం ఒకరిది, అమ్మకం మరొకరికి

కిందటి మాసం అంబర్‌పేట్‌లోని మా ఇంటికి ఒక పెద్దమనిషి ఎంఆర్ఐ ఫిల్ములు పట్టుకుని వచ్చారు. "డాక్టరుగారూ, నా వెన్నెముకకు త్రీడీ ప్రింటింగులో నమూనా తయారుచేసి, దాన్ని చూసుకుని ఆపరేషన్ చేస్తారట. అందుకు వేరుగా డబ్బు కట్టాలట. కట్టకపోతే కాళ్లు పడిపోతాయా?" అని అడిగారు. ఫిల్ములు చూశాను. నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య డిస్కు జరిగి నరాన్ని ఒత్తుతున్నది. అంతే. ఈ వ్యాసానికి ఆయన ప్రశ్నే కారణం.

ముందుగా ఒక మాట. నేను ఈ విద్యకు వ్యతిరేకిని కాను. సీటీ స్కాన్ ఇచ్చిన చిత్రాల నుండి కంప్యూటరు ఎముకను మాత్రమే వేరుచేస్తుంది. యంత్రం ప్లాస్టిక్కును పొరపై పొరగా పేర్చి, ఆ రోగి వెన్నెముకనే అసలు కొలతలతో శస్త్రవైద్యుని చేతిలో పెడుతుంది. 2014లో బీజింగ్ వైద్యులు మరో అడుగు ముందుకు వేసి, క్యాన్సర్ సోకిన 12 ఏళ్ల బాలుని మెడపూసను తొలగించి, ఇదే విధానంలో చేసిన టైటానియం పూసను అమర్చారు.

మరి నమూనా ఎవరికి కావాలి? పుట్టుకతోనే పూసలు అతుక్కుపోయి వెన్ను మెలితిరిగిన పిల్లలకు కావాలి. అటువంటి వెన్నులో స్క్రూ బిగించవలసిన ఎముక కాడ ఏ దిశలో ఉన్నదో ఎక్స్‌రే చూసి ఊహించడం కష్టం. స్క్రూ కొద్ది మిల్లీమీటర్లు లోపలికి తప్పితే వెన్నుపాము, మెడలో వెలుపలికి తప్పితే మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని దెబ్బతింటాయి. ఫ్లోరోసిస్‌తో ఎముకలు గట్టిపడి రూపు మారిన వెన్నుకూ ఇది ఉపకరించగలదు. మన ప్రాంతానికి ఆ వ్యాధి కొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించి వైద్యులు 1937లోనే పత్రం ప్రచురించారు. నల్లగొండ బాధ చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయం. ఆ ప్లాస్టిక్ నమూనాలో ఎముక తప్ప మరేమీ కనబడదు. డిస్కు కనబడదు, ఒత్తిడికి గురైన నరమూ కనబడదు. వాటిని చూపేది ఎంఆర్ఐ. అటువంటప్పుడు మామూలు డిస్కు రోగికి ఎముక నమూనాను అంటగట్టడం వైద్యం కాదు, వ్యాపారం. పైగా నమూనా కోసమే సీటీ తీయిస్తే ఆ రేడియేషన్ అదనం.

నా ఉద్యోగకాలంలో గూని పిల్లలను ఎత్తుకుని తల్లులు ప్రభుత్వాసుపత్రి వరండాల్లో పడిగాపులు పడేవారు. మేము ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని చూసేవాళ్లం. నమూనా నిజంగా కావలసింది ఆ పిల్లలకు. "మందులకే దిక్కులేని చోట ఈ బొమ్మలెందుకు?" అని కొందరనవచ్చు. మందులూ ఇవ్వవలసిందే. కాని ప్రతి ఆసుపత్రికీ ఒక యంత్రం కొనమని నేననడం లేదు. నగరంలోని ప్రభుత్వాసుపత్రులన్నిటికీ ఒకే ఉమ్మడి ముద్రణ కేంద్రం పెట్టి, అవసరమైన శస్త్రచికిత్సలకు ఆ ఖర్చును ఆరోగ్యశ్రీ భరించాలి. మనకు చేతకాదా? మన ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ, ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్ కలిసి త్రీడీ ముద్రణతో కృత్రిమ కార్నియాను రూపొందించి కుందేలు కంటికి అమర్చినట్లు 2022లో ప్రకటించాయి. కంటిపొరను ముద్రించగలిగిన నగరానికి ఎముక నమూనా భారమా?

పాఠకులారా, మీకెవరైనా నమూనా కావాలంటే మూడు ప్రశ్నలు అడగండి. నా ఎముక ఆకృతిలో లోపమేమిటి? నమూనా చూసిన తరువాత ఆపరేషన్ విధానంలో మారేదేమిటి? అది లేకుండా ఇదే ఆపరేషన్ మీరు చేయరా? తృప్తికరమైన సమాధానం రాకపోతే మరొక వైద్యుని సలహా తీసుకోండి.

మా ఇంటికి వచ్చిన పెద్దమనిషికి కాలిలో బలహీనత లేదు, మూత్రంపై అదుపు తప్పలేదు. ఆ రెండింటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తమన్నాను. డిస్కు నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది గనుక అంతవరకు మందులు, వ్యాయామంతో ఓపిక పట్టమన్నాను. ఆయన వద్ద ఆదా అయిన నమూనా ఏ గూని బిడ్డకూ చేరదని నాకు తెలుసు. చేర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అడగవలసిన బాధ్యత మనది.