ఉబ్బసం మందుకు దాపరికమెందుకు?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట కూడలి వరకు ఎలర్జీ, ఆస్తమా డాక్టర్ల బోర్డులకు కొదవలేదు. వారి వద్దకు జిల్లాల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి పిల్లలతో వచ్చేవారున్నారు. కోచింగు కోసం ఇక్కడి హాస్టళ్ళలో ఉంటూ తుమ్ములు, ఆయాసంతో బాధపడే యువకులున్నారు. ఇంత దూరం వచ్చి, ఫీజు కట్టి, పరీక్షలు చేయించుకుని, తీరా డాక్టరు పీల్చే మందు రాసేసరికి చాలామంది ముఖం చిన్నబోతుంది. "పఫ్ వద్దండీ, అలవాటైపోతుంది. మాత్రలే రాయండి" అంటారు.

లెక్క చూడండి. ఊపిరి గొట్టాలను విప్పే సాల్బుటమాల్ పెద్ద మాత్ర 4 మిల్లీగ్రాములు. అదే మందు పఫ్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో 40 పఫ్‌ల మందు ఉన్నది. అది కడుపులోకి, రక్తంలోకి పోయి, చేతులు వణికించి, గుండెదడ పుట్టించి, అప్పటికి ఊపిరితిత్తులు చేరుతుంది. పఫ్ మందు నేరుగా చేరుతుంది. దేనికి భయపడాలో పాఠకులే చెప్పాలి. బి.పి. మాత్ర రోజూ వేసుకునే పెద్దాయనను వ్యసనపరుడని ఎవరూ అనరు గదా!

పఫ్‌లు రెండు రకాలని కూడా చాలామందికి తెలియదు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు విప్పేది. రెండవది లోపలి వాపును తగ్గించి ఆయాసాన్ని రానీయనిది. రెండవదాని ఫలితం అప్పటికప్పుడు కనిపించదు కనుక దానినే ముందు మానేస్తారు. మొదటి రకం ఒక్కదానినే నమ్ముకోవడం ప్రమాదమని, పెద్దలకూ యుక్తవయస్కులకూ అలా ఇవ్వరాదని అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంస్థ 'జినా' 2019లోనే స్పష్టం చేసింది.

పెళ్ళీడు ఆడపిల్లల పరిస్థితి మరీ దయనీయం. సంబంధాలు చూస్తున్నామని పఫ్‌ను బీరువాలో బట్టల కింద దాచే తల్లులున్నారు. అర్ధరాత్రి పిల్లికూతలు మొదలై, మాట పెగలక, పెదవులు నీలం తిరుగుతున్న వేళ ఆ బీరువా తాళాలు వెతుక్కోవలసిందేనా? ఉబ్బసం ప్రాణం తీయగల జబ్బు. బడి పిల్లవాడి సంచిలో పఫ్ ఉండాలి, ఆ సంగతి డ్రిల్లు మాస్టారుకు తెలిసి ఉండాలి.

ఇక పథ్యం. పెరుగు, అరటిపండు, గుడ్డు, వంకాయ... ఇరుగుపొరుగు చెప్పినవన్నీ మాన్పించగా పిల్లవాడు చిక్కిపోవడమే మిగులుతుంది. ముంజేతిపై చుక్కలు వేసి, సూదిమొనతో గిల్లి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దద్దు లేచిందా అని చూసే పరీక్ష ఉన్నది. ఇంటి దుమ్ములోని కంటికి కనిపించని పురుగులా, బొద్దింకలా, ఖాళీ స్థలాల్లోని వయ్యారిభామ పుప్పొడా, కారణం ఏదన్నది దీనివల్ల కొంత తేలుతుంది. అయితే దద్దు లేచినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. రోజూ గుడ్డు తిని హాయిగా ఉన్న పిల్లవాడికి కాగితం చూసి గుడ్డు మాన్పించనక్కరలేదు. ఈ పరీక్షకు ముందు కొద్ది రోజులపాటు తుమ్ముల మాత్రలు ఆపాలి. ఆ ముక్క ఫోనులో టైము ఇచ్చేటప్పుడే చెబితే దూరం నుంచి వచ్చినవారికి బస్సు చార్జీలు దండుగ కావు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం బారులు తీరేవారిని తప్పుపట్టడం లేదు. ఎవరి నమ్మకం వారిది. కాని ఆ వరుసలో నిలబడినప్పుడూ పఫ్ జేబులో ఉండాలి, మరునాడు దానిని పారేయకూడదు.

డాక్టర్లకూ ఒక మనవి. చీటీ రాసి పంపితే సరిపోదు. పఫ్ ఎలా పీల్చాలో రోగి చేత ఎదుటే చేయించి చూడాలి. చిన్నపిల్లలకు స్పేసర్ గొట్టం తగిలించి చూపాలి. ఫీజు ఇచ్చుకోలేనివారికి అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడవ స్టేషన్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. అయినా ప్రతివారూ రాజధానికి పరుగెత్తవలసిన అవసరమేమిటి? అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో (2022) సాల్బుటమాల్, బుడెసొనైడ్ పీల్చే మందులు రెండూ ఉన్నాయి. మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో అవి ఏడాది పొడవునా దొరికేటట్లు ఆరోగ్య శాఖ అధికారులు చూడాలి.