రెక్క లెక్క మర్చిపోదు

ఎయిర్‌షో రీల్స్ చూసేటప్పుడు మన కళ్లన్నీ పైలట్ మీదే ఉంటాయి. ‘ఏం గుండెరా బాబూ’ అనుకుంటూ ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చేసేస్తాం. కోడ్ రాసుకుని బతికేవాణ్ని కదా, నాకు మాత్రం ఇంకో డౌట్ వస్తుంది. లోడ్ అంత పెరుగుతుంటే ఆ బుల్లి విమానం ఎలా తట్టుకుంటోంది?

లోడ్‌ని ‘జీ’ల్లో కొలుస్తారు. కుర్చీలో కూర్చున్న మన మీద ఉండేది 1 జీ. విమానం 60 డిగ్రీలు పక్కకి వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే 2 జీ. అంటే 70 కిలోల మనిషి 140 కిలోలున్నట్టు సీటుకి అతుక్కుపోతాడు. రెక్కలూ అదే లెక్కన రెట్టింపు బరువు మోయాలి. లూప్ కొట్టాలని ముక్కు పైకి లాగితే 3.5 నుంచి 4 జీ దాకా పోతుంది.

శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172కి నార్మల్ కేటగిరీలో పరిమితి 3.8 జీ. ఏరోబాటిక్ కేటగిరీ విమానాలకి 6 జీ. పోటీల కోసం పుట్టిన ఎక్స్‌ట్రా 300లో పైలట్ ఒక్కడే ఉంటే 10 జీ. ‘ఎలాగూ 1.5 రెట్లు మార్జిన్ పెట్టి డిజైన్ చేస్తారుగా, కాస్త దాటితే ఏమైంది?’ అంటారేమో. వెంటనే విరగకపోవచ్చు. కానీ వంగిన లోహం మళ్లీ పాత ఆకారానికి వస్తుందన్న హామీ లేదు.

ఇంజిన్ బాధ వేరు. మామూలు కార్బురేటర్ ఇంజిన్‌ని తలకిందులు చేస్తే ఇంధనం అందక ఆగిపోతుంది. ఆయిల్ కూడా అడుగు నుంచి జారిపోయి, పంపు గాలి పీలుస్తుంది. ఆయిల్ అందని బేరింగులు ఎంతోసేపు బతకవు. అందుకే ఏరోబాటిక్ ఇంజిన్లకి ఫ్యూయల్ ఇంజెక్షన్, తలకిందులుగా ఉన్నా ఆయిల్ అందించే ఏర్పాటు ఉంటాయి.

ఈ రెండు సంగతులూ ఒకేసారి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన రోజుంది. 1970 జూన్ 3. ఇంగ్లండ్‌లోని హల్లవింగ్టన్‌లో బ్రిటిష్ ఏరోబాటిక్ పైలట్ నీల్ విలియమ్స్, ప్రపంచ పోటీల కోసం జ్లిన్ విమానంలో ప్రాక్టీస్ చేస్తున్నారు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు. ఎడమ రెక్క పైకి మడుచుకుపోతోంది! రెక్కని బాడీకి పట్టి ఉంచే కింది అతుకు తెగిపోయింది.

బల్గేరియాలో ఇలాంటి విమానానికే పై అతుకు తెగిందని ఆయన అంతకుముందు విన్నారు. అది గుర్తొచ్చి విమానాన్ని తలకిందులు చేశారు. దాంతో రెక్క మీది బలం దిశ మారింది. మడుచుకుంటున్న రెక్క దాని చోటికి వచ్చి కూర్చుంది. మధ్యలో ఇంజిన్ ఆగినా మళ్లీ అందుకుంది. తలకిందులుగా నడవగలిగే ఇంజిన్ కాబట్టే రన్‌వే దాకా రాగలిగారు. నేలకి దగ్గరగా వచ్చాక, చివరి క్షణంలో తిరగేసి దింపారు. విమానం తుక్కయింది, ఆయన మాత్రం నడిచి బయటికొచ్చారు.

ఆ అతుకుని బలి తీసుకున్నది మెటల్ ఫెటీగ్. మీ ఛార్జర్ కేబుల్ మెడ దగ్గర ఎలా తెగుతుందో చూశారుగా? ఏ రోజూ గట్టిగా లాగి ఉండరు. రోజూ కాస్త కాస్త వంచుతారు, అంతే. లోహమూ అలాంటిదే. ప్రతి లూపూ, ప్రతి గుంజుడూ దాని ఖాతాలో పడుతూనే ఉంటాయి.

కాబట్టి ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మీ ఫ్రెండ్ ‘ఇవాళ కాస్త లిమిట్ దాటించా, ఏం కాలేదు’ అని గొప్పగా చెబితే, స్టేటస్ పెట్టడం కాదు, వెంటనే మెకానిక్‌కి చెప్పమనండి. ఏరోబాటిక్ విమానాల్లోని జీ మీటర్‌లో ఆ ఫ్లైట్‌లో తగిలిన గరిష్ఠాన్ని పట్టి చూపే ముల్లు ఉంటుంది. బటన్ నొక్కితే ముల్లు వెనక్కి వచ్చేస్తుంది. లోహం రాదు. దాని బిల్లు, ఏ పాపమూ తెలియని తర్వాతి పైలట్ కట్టాల్సి రావచ్చు.