మితం నేర్పిన గోలీసోడా

ఆవిరి ఇంజన్ల కాలంలో దొనకొండ పెద్ద రైల్వే కేంద్రం. వేసవి మధ్యాహ్నం అక్కడ రైలు దిగినవారి చూపు ముందుగా సోడాబండిని వెదకేది. బండివాడు గాజుగ్లాసులో సుగంధి పాకం కొద్దిగా పోసి, నిమ్మచెక్క పిండి, గోలీ నొక్కి సోడా పొంగించి ఇచ్చేవాడు. అది అసలైన చక్కెర తీపి. ఆ రుచి తలచుకొని “ఆనాటి సోడా ఆరోగ్యం, ఈనాటి కూల్‌డ్రింకు విషం” అని నిట్టూర్చే పెద్దలు మన ఇండ్లలో ఎందరో కలరు. వారి మాటలో సగమే నిజం. మిగిలిన సగాన్ని గ్రహించకపోతే ఇంటిల్లిపాదికీ కీడు కలుగును.

గోలీసోడా సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఇంజనీరు 1872లో పేటెంటు పొందాడు. లోపలి గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి లేచి, మూతివద్ద ఉన్న రబ్బరు చుట్టుకు బిగుసుకొనును. అదే మూత. ఒకసారి గోలీ దించితే సోడాను అప్పటికప్పుడు తాగవలసినదే, దాచుటకు వీలులేదు. ఖాళీ సీసా బండివానికి తిరిగి ఇవ్వవలెను. పాకం కొలిచి పోసేది అమ్మేవాడు, తాగేవాడు కాదు. కనుక మన పెద్దలను కాపాడినది చక్కెర మంచితనం కాదు. ఆ చిన్న సీసా, ఆ కొలత, ఎప్పుడో ఒకనాడు మాత్రమే తాగే అలవాటు వారిని కాపాడినవి.

అమెరికాలో 1980ల మొదట్లో పెద్ద కంపెనీలు శీతల పానీయాలలో చక్కెరకు బదులు మొక్కజొన్న పాకం వాడసాగినవి. నేటికీ అక్కడ “అసలు చక్కెర” పానీయం కోసం వెదకేవారున్నారు. రుచిలో తేడా ఉండవచ్చును. కానీ ఆ పాకంలో ఉన్నవీ గ్లూకోజు, ఫ్రక్టోజులే. చక్కెర జీర్ణమైనప్పుడు వచ్చేవీ అవే. మోతాదు మించితే శరీరానికి రెండూ ఒకటే.

ఆయుర్వేదం ఈ విషయంలో ఎంత నిష్పక్షపాతమో చూడండి. చరక సంహిత శర్కరను చల్లనిదని, దాహాన్ని, తాపాన్ని తగ్గించునదని మెచ్చుకొన్నది. అదే గ్రంథం ప్రమేహ చికిత్సాధ్యాయంలో బెల్లపు వంటకాలను, కదలక కూర్చునే సుఖాన్ని, అతినిద్రను వ్యాధి కారణాలలో చేర్చినది. ఇందులో వైరుధ్యం లేదు. ఎండనపడి వచ్చినవానికి మందైన తీపే, టీవీ ముందు కూర్చున్నవానికి రోగమగును.

నేడు మన ఇండ్లలో జరుగుతున్నది ఏమి? చుట్టం వస్తే రెండు లీటర్ల సీసా తెప్పిస్తున్నాము. మిగిలినది ఫ్రిజ్‌లో చేరి పిల్లలకు మంచినీళ్లవుతున్నది. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సూచించినది. పోనీ, చక్కెరలేని రకం కొందామా? బరువు తగ్గుటకు కృత్రిమ తీపిపదార్థాలను నమ్ముకోవద్దని అదే సంస్థ 2023లో చెప్పినది. అవి నాలుకకున్న తీపి యావను మాన్పవు. కనుక సీసాపై చిన్న అక్షరాలను చదివి కొనండి.

మన పశ్చిమ ప్రకాశం వారికి మరొక హెచ్చరిక. ఈ ప్రాంతంలోని అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ అధికం. గ్యాసు నింపినా, కాచినా అది పోదు. ఏ నీటితో చేసిన సోడాయో అడిగి తాగుట బిడియపడవలసిన విషయం కాదు.

ఇక ఇంట్లోనే చేసుకోదగిన పాకం చెప్పెదను. నల్లమలలో దొరికే సుగంధిపాల వేరు ఆయుర్వేదంలో శారిబ. ఇది శీతవీర్యం, ఒంటివేడిని, మూత్రంలో మంటను తగ్గించునని, రక్తశోధకమని చెప్పబడినది. 50 గ్రాముల వేళ్లను కడిగి, దంచి, నడిమి పుల్ల తీసివేసి, లీటరు మంచినీటిలో రాత్రంతా నానబెట్టవలెను. ఉదయం మూతపెట్టి సన్నని సెగపై సగమగువరకు కాచి, వడకట్టి, అరకిలో చక్కెర కరగించి చల్లార్చవలెను. పెద్ద చెంచాడు (15 మిల్లీలీటర్లు) పాకంలో సుమారు 9 గ్రాముల చక్కెర ఉండును. గ్లాసుకు ఒక చెంచాడు, నిమ్మరసం, చల్లని కుండనీరు చాలును. సోడాయే కావలెనన్నవారు సోడా కలుపుకోవచ్చును. పుల్లని త్రేన్పులు, కడుపుబ్బరం ఉన్నవారికి మాత్రం సోడా పనికిరాదు. మధుమేహులు ఈ పాకం జోలికి పోరాదు. చక్కెర వేయని సుగంధి కషాయం తాగదలచినా ముందుగా వైద్యుని అడుగవలెను.

అతిగా తీసుకొంటే అమృతమైనా విషమే. గోలీసోడాను తలచుకొని మురిసిపోవుటలో తప్పులేదు. అయితే దాని తీపితోపాటు దాని కొలతను కూడా గుర్తుంచుకొందాము. మన పిల్లలకు అందించవలసినది ఆ కొలతనే.