జింక పక్కన మనిషి

వేసవి సెలవుల్లో పిల్లలు ఎండన పడకుండా వాళ్ళచేత బొమ్మలు వేయించడం మా ఇంట్లో అలవాటు. మొన్న కృష్ణజింకను వేయమన్నాను. మన రాష్ట్ర జంతువు గదా! పైగా మా ఆదోని, ఆస్పరి, ఆలూరు చేలల్లో మందలుగా తిరుగుతుంది.

మగదానికి వీపు నలుపు, పొట్ట తెలుపు, కంటిచుట్టూ తెల్లని వలయం, మెలితిరిగిన కొమ్ములు. ఆడది గోధుమవన్నె; సాధారణంగా కొమ్ములుండవు. ఇంతమట్టుకు తెలిస్తే పదేళ్ళవాడైనా వేస్తాడు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా చెల్లెలి కొడుకు ముచ్చటైన జింకను వేశాడు. మాకు పాలు పోసే ఆవిడ కూతురు మాత్రం జింక పక్కన కర్ర పట్టుకున్న మనిషిని కూడా వేసింది.

"ఎవరే?" అన్నాను.

"మా నాయన, మామా! బుడ్డలు మొలకెత్తితే చాలు, రాత్రుళ్ళు చేనికాడే ఉంటాడు."

నాకు నోట మాట రాలేదు. వేరుశనగ మొలకంటే జింకకు విందు. జింకను చంపరాదని 1972 నాటి చట్టం, సబబే. కాని చట్టం ఒక్కటీ చాలదు. బట్టమేకపిట్ట కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. చుట్టూ బీళ్ళు సాగులోకి పోయాయి, పిట్ట కరువైంది.

జింక బతకాలంటే రైతుకు పోయిన పంటకు పరిహారం సకాలంలో అందాలి. అంచేత అమ్మలారా, మీ పిల్లలచేత జింకను వేయించండి. పక్కన ఆ కాపలా మనిషినీ వేయమనండి.