ఒకే రంగు, రెండు జగ్గులు

డాలస్‌లో జులై అంటే మన రెంటచింతలే. కాకపోతే ఇక్కడ ఎండని ఫారెన్‌హీట్‌లో చెబుతారు కాబట్టి ‘నూరు దాటింది’ అన్న మాట వినగానే గుండె ఇంకాస్త గుభేలుమంటుంది. అలాంటి ఎండల్లో మనం మజ్జిగ కోసం, నిమ్మకాయ నీళ్ల కోసం చూసినట్టే ఇక్కడివాళ్లు మార్గరీటా కోసం చూస్తారు. గ్లాసు అంచుకి ఉప్పు, లోపల నిమ్మరసం, నారింజ వాసనతో ఉండే తియ్యటి మద్యం, బోలెడంత ఐసు. వీటన్నిటి మధ్యా ఏమీ ఎరగనట్టు కూర్చునేది టెకీలా.

నేను తాగేది ఏడాదికి రెండు మూడు గ్లాసులే. చేసేది మాత్రం ఎక్కువ. ‘ఆవకాయ బాగా కలిపే చెయ్యి, ఇది మాత్రం కలపలేదా?’ అని మావారి స్నేహితులు ఓసారి మునగచెట్టు ఎక్కించారు. అప్పట్నుంచీ ఏ పార్టీ అయినా జగ్గులు నావే. ఆ జగ్గుల మూలంగా ఒకరోజు ఎంత పనయిందో చెప్పాలనే ఈ వారం కబురు. ముందు అసలు సరుకు సంగతి చెబుతాను.

కల్లుకి చుట్టమే

మన ఊళ్లలో రైలు పట్టాల పక్కన, చేల గట్ల మీద మందపాటి ఆకులతో, మొన తేలి, కంచెలా పెరిగే కిత్తనార మొక్కని చూసే ఉంటారు. దాని పుట్టిల్లు మెక్సికో. అగావే అనే ఆ కుటుంబంలోనే నీలిరంగు ఆకులుండే రకం ఒకటుంది. టెకీలా తీసేది దాన్నుంచే. మెక్సికోలో హలీస్కో రాష్ట్రంలో గువాదలహార నగరానికి ఓ 60 కిలోమీటర్ల దూరంలో టెకీలా అనే ఊరే ఉంది. ఆ చుట్టుపక్కల అగావే తోటల్ని, పాత బట్టీలని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ మొక్కకి ఓపిక ఎక్కువ. నాటిన ఆరేడేళ్లకి గానీ కోతకు రాదు. అరటిచెట్టుకి ఒక్క గెలతోనే జీవితం అయిపోయినట్టు, ఇదీ ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. అందుకే పూలకాడ పైకి లేవగానే కోసేస్తారు. ఆ తీపంతా దుంపలోనే ఉండిపోతుంది. హిమదోర్ అని పిలిచే కూలీలు పొడుగు కర్రకి గుండ్రటి పలుగు బిగించిన పనిముట్టుతో ఆకులన్నీ చెక్కేస్తారు. లోపల మిగిలే దుంప పెద్ద అనాసపండులా ఉంటుంది. దాన్ని వాళ్లు పీన్యా అంటారు. స్పానిష్‌లో అనాసకీ అదే పేరు. ఒక్కోటి 30, 40 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతుంది. దాన్ని ఆవిరిపొయ్యిలో ఉడికించి, పిండి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడితే టెకీలా.

బట్టీ పట్టడం తెలియకముందే అక్కడివాళ్లు అగావే జాతి మొక్కల నుంచి నీరు దింపి, పులియబెట్టుకుని తాగేవారు. తెల్లగా, పుల్లగా, నురగతో ఉంటుంది. పేరు పుల్కే. వింటుంటే మన కల్లే గుర్తొస్తుంది కదూ! 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌కీ, మెక్సికోలోని అకపుల్కో రేవుకీ మధ్య ఓడలు తిరిగాయి. వాటిలో వచ్చిన ఫిలిప్పీన్స్‌వాళ్లు పశ్చిమ తీరంలో కొబ్బరికల్లు గీయడం నేర్పారు. అగావేని బట్టీ పట్టడం కూడా వాళ్ల బట్టీలను చూసే నేర్చుకున్నారని కొందరు చరిత్రకారులు అంటారు. మామిడి కూడా అదే ఓడల్లో మెక్సికో చేరింది. మిరపకాయ అక్కణ్నుంచి మన దగ్గరకొచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

పోచంపల్లి చీర అని పేరు పెట్టుకోవాలంటే పోచంపల్లి పద్ధతీ, ఆ ప్రాంతమూ ఉండాలన్నట్టు, టెకీలా అన్న పేరు మెక్సికోలో హలీస్కోకీ, మరో నాలుగు రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలకీ మాత్రమే సొంతం. 1974 నుంచీ ఆ కట్టడి ఉంది. మన దేశంలో 2011లో డెస్మండ్ నజరత్ అనే ఆయన దక్కను పీఠభూమిలో పెరిగే అగావే నుంచి మద్యం తీసి తన పేరుతోనే అమ్మకానికి పెట్టారు. ఆ తయారీ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. అయినా దానిమీద టెకీలా అని రాసుకోలేదు, అగావే మద్యం అనే రాసుకున్నారు.

ఎవరీ మార్గరీటా?

ఈ పేరుకి హక్కుదారులు చాలామందే. తిహువానా దగ్గర 1938లో ఓ నటి కోసం కలిపానని ఒకాయన అన్నాడు. సియుదాద్ హువారెస్‌లో 1942లో నేనే కలిపానని ఇంకొకాయన అన్నాడు. అకపుల్కోలో 1948 నాటి విందులో పుట్టిందనీ, అందుకే నా పేరొచ్చిందనీ డాలస్‌కే చెందిన మార్గరీటా సేమ్స్ అనే ఆవిడ చెప్పుకున్నారు. అయితే 1937లో లండన్‌లో అచ్చయిన ఓ పానీయాల పుస్తకంలోనే టెకీలా, నారింజ మద్యం, నిమ్మరసం కలిపే పద్ధతి వేరే పేరుతో ఉంది. స్పానిష్‌లో మార్గరీటా అంటే డెయిజీ పువ్వు. డెయిజీ అనే పేరుతో అంతకుముందే ఒక పానీయాల కుటుంబం ఉండేది కాబట్టి పేరు అక్కణ్నుంచే వచ్చిందన్నది నాకు నచ్చిన వాదన.

డాలస్ వాటా మాత్రం ఎవరూ కాదనలేనిది. ఇక్కడ హోటల్ పెట్టిన మరియానో మార్టినెజ్ దగ్గరికి జనం విరగబడి వచ్చేవారట. గ్లాసుకో రుచి వస్తోందని ఫిర్యాదులు. నిమ్మకాయలు కోయలేక చేతులు పడిపోతున్నాయని పనివాళ్ల గోల. ఒకరోజు కిరాణా దుకాణంలో పిల్లలు తాగే రంగు ఐసు యంత్రాన్ని చూసి, ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి, 1971 మే 11న మంచులాంటి మార్గరీటా తీశాడు. ఆ యంత్రం 2005లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంకి చేరింది.

సీసాలో ఊరగాయ

టెకీలాలో పళ్లు, పూలు నానేసి రుచి ఎక్కించడం ఊరగాయ పెట్టినంత సులువు, అంతే జాగ్రత్త కూడా. ముందే చెబుతున్నా, కొన్న సీసాలో పండు నానేయడం వేరు, ఇంట్లో మద్యం బట్టీ పట్టడం వేరు. రెండోది నేరం, పైగా ప్రాణాంతకం.

సీసా మీద నూరు శాతం అగావే అని రాసి ఉన్నది, తెల్లగా ఉండే బ్లాంకో రకం తీసుకోండి. అలా రాయని వాటిలో సగం దాకా వేరే చక్కెర ఉండొచ్చు. పీపాల్లో నెలలూ ఏళ్లూ మగ్గిన రెపొసాదో, అన్యేహో రకాల్ని ఇందుకు వాడటం దండగ. 750 మిల్లీలీటర్ల సీసాకి రెండు కప్పుల పండుముక్కలు చాలు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు జాడీలో వేసి, ముక్కలు మునిగేలా పోసి, మూత బిగించి, ఎండ తగలనిచోట పెట్టండి. మామిడికి మూడు నాలుగు రోజులు, అనాసకి నాలుగైదు రోజులు, స్ట్రాబెర్రీకి రెండు మూడు రోజులు. రోజూ ఓసారి కదిపి, చెంచాడు రుచి చూడండి. చాలనిపించగానే పల్చటి నూలుగుడ్డలో వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది వారాల్లో వాడేయండి. నిమ్మ, నారింజ వేస్తే పైతొక్క మాత్రమే వేయాలి. తొక్క కిందుండే తెలుపు వేస్తే చేదు.

పచ్చిమిర్చి సంగతి వేరు. ఇక్కడివాళ్లు హలపేనో అనే లావుపాటి మిరపకాయ వేస్తారు. ఒకటి చీరి, గింజలు తీసి, రెండు గంటలకోసారి రుచి చూస్తూ తీసేయాలి. నేను మొదటిసారి ‘ఇదో కారమా’ అనుకుని ఇండియన్ స్టోర్లో తెచ్చిన సన్న మిరపకాయలు నాలుగు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున రుచి చూసిన మావారు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

మెక్సికన్ దుకాణాల్లో ‘హమైకా పూలు’ అని ఎర్రటి ఎండు రేకులు అమ్ముతారు. ఇంటికి తెచ్చి వాసన చూస్తే ఎక్కడో తెలిసిన పులుపు. తీరా చూస్తే మన గోంగూర! పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి తొడుగులే అవి. పావు కప్పు వేస్తే ఒక్కపూటలో కుంకుమరంగు దిగుతుంది. వీళ్లు మామిడిముక్కల మీద ఉప్పూ కారం జల్లుకుని తింటారని చూసినరోజు కలిగిన ఆనందం లాంటిదే ఇదీ.

కలిపే కొలత ఇది: టెకీలా 50 మిల్లీలీటర్లు, నారింజ మద్యం 20, నిమ్మరసం 15. ఐసుతో బాగా గిలక్కొట్టి వడపోయాలి. ఉప్పు అంచులో సగానికే అద్దితే వద్దనుకున్నవాళ్లు అవతలివైపు తాగుతారు. నిమ్మకాయలు మాత్రం ఇంట్లోనే పిండండి. పెరట్లో ఎండలో కూర్చుని పిండితే, ఆ రసం పడినచోట ఎండ తగిలి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ఇక్కడి డాక్టర్లకి ఇది బాగా తెలిసిన జబ్బే. మావారి చేతుల మీద ఆ మచ్చలు దసరాదాకా పోలేదు.

ఆ శనివారం

రెండేళ్ల కిందట వేసవికి మా అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చారు. మావయ్యగారు హైస్కూలు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. జీవితంలో మద్యం ముట్టని మనిషి. షుగరుకి మాత్రలు వాడతారు. ఆ శనివారం మా ఇంట్లో పాతికమంది. ఒక జగ్గులో మామిడి మార్గరీటా. ఇంకో జగ్గులో పిల్లలకీ పెద్దవాళ్లకీ అదే మామిడి గుజ్జు, నిమ్మరసం, కాస్త నారింజరసం, ఐసు. రెండూ ఒకే రంగు, ఒకే రకం జగ్గులు. ‘కుడివైపుది పిల్లలది’ అని అందరికీ చెప్పాను. ఎవరో టేబుల్ తుడుస్తూ జగ్గులు అటూ ఇటూ మార్చారు.

‘అమ్మాయ్, రసం బావుంది. కాస్త వగరుగా ఉందేం?’ అన్నారు మావయ్యగారు. చేతిలో గ్లాసు సగానికి పైగా ఖాళీ. నాకు కాళ్లు చల్లబడ్డాయి. పక్కనే మా చిన్నాడు గ్లాసు పట్టుకుని అదే జగ్గు వైపు చెయ్యి చాస్తున్నాడు. వాడి చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను. ఎందుకో తెలియక వాడు ఏడుపు లంకించుకున్నాడు.

ఈ పానీయంలో మోసం ఇదే. 50, 20 కలిపితే 70 మిల్లీలీటర్లు. మన లెక్కలో లార్జ్ పెగ్గు కంటే ఎక్కువ. తీపీ పులుపూ కలిసి ఆ ఘాటుని కప్పేస్తాయి. తాగేవాళ్లకే లెక్క తెలియదు, తెలియనివాళ్ల సంగతి చెప్పాలా? షుగరు మందులు కొన్నింటికి మద్యం తోడైతే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. పార్టీకొచ్చిన స్నేహితుల్లో ఒక డాక్టరమ్మ ఉండబట్టి సరిపోయింది. ఆవిడ చెప్పినట్టు అన్నం పెట్టి, రాత్రంతా రెండు గంటలకోసారి వేలు పొడిచి షుగరు చూశాం. అత్తయ్యగారు మంచం దిగలేదు. నా వైపు చూడనూ లేదు.

ఆ రాత్రే ఇంకో పని కూడా చేశాను. మూడు గ్లాసులు తాగి ‘నాకేం కాలేదు’ అంటున్న ఒకాయన కారు తాళాలు తీసి బియ్యం డబ్బాలో పడేశాను. ఆయనకి కోపం వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

పొద్దున మావయ్యగారు బాగానే లేచారు. కాఫీ ఇస్తూ ‘క్షమించండి మావయ్యగారూ’ అన్నాను. అంతకంటే మాట రాలేదు. ఆయన కాఫీ పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత తెల్ల ప్లాస్టరు, నల్ల పెన్నూ అడిగారు. ఫ్రిజ్ తెరిచి జాడీలన్నీ బయట పెట్టించారు. వడగట్టి తీసిన మామిడిముక్కల గిన్నె చూసి ‘ఇదేమిటి?’ అన్నారు. నేను చెప్పాను. ఆ ముక్కలు కూడా మద్యంలో నానినవే, పిల్లలు స్పూను పెట్టుకుని తినేసేవారే! ఆ ఆలోచనే నాకు అంతవరకూ తట్టలేదు. గిన్నె తీసుకెళ్లి చెత్తబుట్టలో బోర్లించాను.

ఆయన ఒక్కో జాడీకీ చీటీ రాసి అంటించారు. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. టెకీలా ఉన్నవన్నీ తాళం ఉన్న పై అరలోకి పోయాయి. జగ్గులు కూడా మార్చాం. ఇప్పుడు మద్యం కలిపేది మూత ఉన్న నీలంరంగు జగ్గులోనే. అది పిల్లల చేతికి అందే టేబుల్ మీద పెట్టం, పోసే పని పెద్దవాళ్లలో ఒకరిదే.

ప్లాస్టరు చీటీలు రెండేళ్లకి అంచులు లేచి, అక్షరాలు కాస్త వెలిశాయి. కొత్తవి ప్రింటు తీసి అంటిద్దామని మావారు అంటే ఒప్పుకోలేదు. నీలం జగ్గు మీద ‘పెద్దలకు మాత్రమే’ అని ఉంటుంది. రెండో జగ్గు మీద ‘పిల్లలకు’ అని రాసి, దాని కింద కొంచెం చిన్న అక్షరాలతో ‘నాకూ’ అని రాశారు మావయ్యగారు.