ముందు మాట, తర్వాత వరుస

మా గుడిలో ఆదివారం తెలుగు క్లాసు ఉంది. అక్కడ నేను వాలంటీరుని. నాలుగేళ్ల పిల్లలకు అక్షరాలన్నీ వరుసగా వచ్చాకే మాటలు నేర్పాలంటే నేను ఒప్పుకోను. 'ఋ' దగ్గరకు వచ్చేసరికి కొందరు రావడమే మానేస్తారు.

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో చిన్నపిల్లల బడి తెరిచారు. అక్కడ ఏ పని చేయాలో పిల్లలే ఎంచుకునేవారు. గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద వేలు తిప్పుతూ దాని శబ్దం పలికేవారు. 1939లో ఆవిడ మద్రాసు వచ్చి, అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

మనకూ అక్షరాభ్యాసంలో బియ్యం పళ్లెం ఉంది కదా! అది ఒక్క రోజుతో ఎందుకు ఆగిపోవాలి?

పిల్లల ఇష్టం అంటే వాళ్లను వదిలేయడం కాదు. బల్ల మీద ఏం పెట్టాలో పెద్దవాళ్లే చూడాలి. ఏది ముందు తీయాలో పిల్లలు చూసుకుంటారు. ఆవు బొమ్మ తీస్తే ఆ రోజు బియ్యంలో 'ఆ' రాద్దాం. ఏనుగు తీస్తే 'ఏ'.

"మరి వరుస రాకపోతే ఎలా అండీ?" అని తాతయ్యలు, అమ్మమ్మలు అడుగుతారు. గుణింతాలకు వరుస కావాలి, నిజమే. కానీ నాలుగేళ్లకే తెలుగంటే విసుగు పుడితే, ఏడేళ్లకు ఆ వరుస నేర్పడానికి క్లాసులో ఎవరుంటారు?